పని ముందు, ముస్తాబు తర్వాత: పురపాలిక వెబ్‌సైటుకు ఏం కావాలి?

ఏటా ఏప్రిల్ వచ్చిందంటే తెలంగాణ మున్సిపాలిటీల్లో ఒక గడువు నడుస్తుంది. ఆ సంవత్సరపు ఇంటిపన్నంతా 30వ తేదీలోగా ఒకేసారి కట్టేస్తే 5 శాతం రాయితీ. ఆ నెలలో వికారాబాద్‌లో కిరాణా దుకాణం నడిపే మనిషికీ, తాండూరులో నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్ యజమానికీ, ఊళ్లో ఇల్లుండి హైదరాబాద్‌లో కాపురముంటున్న ఉద్యోగికీ కావలసినవి మూడే సంగతులు. ఎంత కట్టాలి, ఎక్కడ కట్టాలి, కట్టినట్టు రుజువు ఎలా దొరుకుతుంది? చేతిలోని ఫోనులో రెండు నిమిషాల్లో ఈ మూడింటికీ జవాబు దొరికితే పురపాలిక వెబ్‌సైటు పనిచేస్తున్నట్టే. దొరక్కపోతే హోం పేజీ మీద ఎన్ని బొమ్మలు కదిలినా ప్రయోజనం లేదు.

వికారాబాద్, తాండూరు రెండూ 2016 అక్టోబరు 11న రంగారెడ్డి జిల్లా నుంచి విడివడి ఏర్పడిన వికారాబాద్ జిల్లాలోని పట్టణాలు. సికింద్రాబాద్ నుంచి వాడికి పోయే రైలు మార్గం రెండింటినీ కలుపుతుంది. 2011 జనగణన నాటికి తాండూరు జనాభా 65 వేలు దాటింది, వికారాబాద్‌ది 53 వేలు దాటింది. జిల్లా కేంద్రం వికారాబాద్. మూసీ పుట్టిన అనంతగిరి కొండలు దానికి ఆనుకునే ఉంటాయి. తాండూరు నాపరాళ్లకూ, 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన కందిపప్పుకూ పేరుపడ్డ వ్యాపార పట్టణం. కర్ణాటక సరిహద్దు దగ్గర కావడంతో తెలుగు, ఉర్దూలతో పాటు కన్నడమూ అక్కడి బజారులో వినిపిస్తుంది. మహానగరాల సైట్ల గురించి చర్చలు చాలా జరుగుతుంటాయి. అసలు పరీక్ష మాత్రం ఇలాంటి పట్టణాల్లోనే ఎదురవుతుంది. జనం చేతిలో ఉన్నది మామూలు ఫోను, మాట్లాడే భాషలు మూడు, ఆఫీసులో కంప్యూటర్ పని తెలిసినవాళ్లు కొద్దిమంది.

అవసరాల పత్రంలో ఏం రాయాలి?

సైటును మార్చాలనుకున్నప్పుడు అందరి చూపూ ముందు రూపం మీదికే పోతుంది. ఏ రంగు వేయాలి, ఎవరి ఫొటో పైన ఉండాలి, ఎన్ని మెనూలు పెట్టాలి అని. కానీ సైటు భవితవ్యం తేలేది అంతకుముందే, టెండరుకు జతచేసే అవసరాల పత్రంలో. బండలు పరిచే మేస్త్రీ ముందు నేల వాలు సరిచూసుకుంటాడు. వాలు తప్పితే ఎంత మెరుగుపెట్టిన తాండూరు బండ వేసినా నీళ్లు గదిలోనే నిలుస్తాయి. ఆ వాలు చూసుకునే పనే అవసరాల పత్రం చేస్తుంది.

సాఫ్ట్‌వేర్ రంగంలో దీనికంటూ ఒక శాస్త్రం ఉంది. అవసరాలను ఎలా సేకరించాలి, ఎలా రాయాలి అన్నదానికి ఐఎస్‌ఓ/ఐఈసీ/ఐఈఈఈ 29148 అనే అంతర్జాతీయ ప్రమాణముంది. మంచి అవసరానికి అది చెప్పే లక్షణాల్లో ముఖ్యమైనది ఒకటి: నెరవేరిందో లేదో పరీక్షించి తేల్చగలిగేలా ఉండాలి. 'సైటు ఆకర్షణీయంగా, సులభంగా ఉండవలెను' అన్న వాక్యం చాలా టెండర్లలో కనిపించే తరహాది. దాన్ని ఎవరూ పరీక్షించలేరు. సైటు తయారయ్యాక కంపెనీ నెరవేర్చామంటుంది, జనం కాదంటారు, తేల్చే దారి ఉండదు. అదే మాటను ఇలా రాయవచ్చు: 'ఇంటిపన్ను అసెస్‌మెంట్ నంబరు చేతిలో ఉన్న వ్యక్తి, హోం పేజీ నుంచి మొదలుపెట్టి, ఎవరి సాయమూ లేకుండా రెండు నిమిషాల్లో తన బకాయి చూడగలగాలి.' ఇప్పుడు గడియారం పట్టుకుని తేల్చేయవచ్చు.

అవసరాలు రెండు రకాలు. సైటు ఏమేం చేయాలన్నది మొదటి రకం: పన్ను చూపించడం, ఫిర్యాదు తీసుకోవడం, రసీదు ఇవ్వడం. ఆ పనులను ఎంత వేగంగా, ఎంత భద్రంగా, ఎవరెవరికి అందేలా చేయాలన్నది రెండో రకం. మొదటి రకం జాబితా అందరికీ తడుతుంది. సైట్లు ఎక్కువగా ఓడిపోయేది రెండో రకం దగ్గరే.

శాఖలు కాదు, పనులు

పురపాలికలో రెవెన్యూ, టౌన్ ప్లానింగ్, ఇంజినీరింగ్, శానిటేషన్, పట్టణ పేదరిక నిర్మూలన చూసే మెప్మా వంటి విభాగాలుంటాయి. లోపల పని సాగడానికి అవి అవసరమే. కానీ ఇంటి ముందు మోరీ నిండి మురుగు రోడ్డెక్కిన మనిషికి, అది శానిటేషన్ వారి పనా ఇంజినీరింగ్ వారి పనా తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. అతనికి కావలసిన బటన్ 'మోరీ, చెత్త, నల్లా, వీధి దీపం: ఫిర్యాదు' అన్నది.

బ్రిటన్ ప్రభుత్వం 2012 అక్టోబరులో పాత ప్రధాన పోర్టళ్లను తీసేసి 'గవ్ డాట్ యూకే' అన్న ఒకే సైటు తెచ్చినప్పుడు పట్టుకున్న మొదటి సూత్రం ఇదే. ప్రభుత్వం ఏం చెప్పాలనుకుంటోంది అన్నది కాదు, వచ్చినవాళ్లకు ఏం కావాలన్నది మొదలు. ఎవరికీ అక్కర్లేని పేజీలను కొత్త సైటులోకి తేనే లేదు. 2013లో లండన్ డిజైన్ మ్యూజియం ఇచ్చిన 'డిజైన్ ఆఫ్ ది ఇయర్' పురస్కారం ఆ సాదాసీదా సైటుకే దక్కింది.

పని పేరుతో మెనూ పెట్టాలనడం వెనక మనుషుల చూపు గురించిన పరిశోధన ఉంది. జిరాక్స్ పార్క్ పరిశోధకులు పీటర్ పిరోలీ, స్టూవర్ట్ కార్డ్ 1990లలో ఒక సిద్ధాంతం ప్రతిపాదించారు. జంతువు వాసన పట్టుకుని ఆహారం వైపు వెళ్లినట్టే, మనిషి కూడా తెర మీది మాటల్లో తనకు కావలసినదాని జాడ వెతుక్కుంటూ వెళతాడు. ఆ జాడ బలంగా ఉన్న లింకు నొక్కుతాడు, బలహీనపడితే వెనక్కి మళ్లుతాడు. 'సేవలు', 'ఇతరములు', 'సమాచారము' అన్న మెనూల్లో ఏ జాడా లేదు. 'ఇంటిపన్ను కట్టండి', 'పుట్టిన సర్టిఫికెట్ తీసుకోండి' అన్నప్పుడు ఉంది.

పనుల పేర్లకు ఇంకో బలముంది. అవి పథకాల పేర్లకన్నా ఎక్కువ కాలం నిలుస్తాయి. ఇల్లు కట్టుకోవడానికి ఆన్‌లైన్ అనుమతులిచ్చే విధానం 2020 నవంబరులో 'టీఎస్ బీపాస్' పేరుతో వచ్చింది. 75 గజాల లోపు స్థలంలో చిన్న ఇంటికి రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలనీ, 500 చదరపు మీటర్ల వరకు స్వీయ ధ్రువీకరణతో వెంటనే అనుమతి ఇస్తామనీ, అంతకు మించితే 21 రోజుల్లో తేలుస్తామనీ ఆ విధానం చెప్పింది. 2024లో రాష్ట్ర సంక్షిప్త నామం టీఎస్ నుంచి టీజీకి మారడంతో ఆ పేరు మారింది. 2025లో 'బిల్డ్‌నౌ' అనే కొత్త వేదిక వచ్చింది. అయిదేళ్లలో మూడు పేర్లు. తాండూరులో ఇల్లు కట్టుకునే మనిషి అవసరం మాత్రం మారలేదు. సైటులో మెనూ పేరు 'ఇల్లు కట్టడానికి అనుమతి' అని ఉంటే, దాని వెనక లింకు మారితే సరిపోతుంది.

నిజానికి ఈ రెండు పట్టణాల సైట్లూ ఒంటరివి కావు. ఊరి పేరుతో మొదలై తెలంగాణ డాట్ గవ్ డాట్ ఇన్‌తో ముగిసే చిరునామాలు వాటికున్నాయి. ఆస్తిపన్ను లావాదేవీలు రాష్ట్ర పురపాలక సంచాలకుల కార్యాలయపు పోర్టల్‌లో జరుగుతాయి. కట్టడాల అనుమతులది మరో వేదిక, మీసేవది ఇంకొకటి, జిల్లా యంత్రాంగానిది వేరే సైటు. ఈ గోడలు పౌరుడికి కనిపించవు, కనిపించకూడదు కూడా. అందువల్ల పట్టణ సైటు మొదట చేయాల్సిన పని అన్నింటినీ తనలో కట్టుకోవడం కాదు. ఏ పనికి ఏ తలుపు తట్టాలో, వెళ్లేముందు ఏ కాగితాలు చేతిలో ఉండాలో, ఎన్ని రోజులు పడుతుందో, ఎంత ఖర్చవుతుందో ఒక్క పేజీలో చెప్పి, అక్కడి నుంచి సరైన చోటుకు పంపడం. బిడ్డ పుడితే 21 రోజుల్లో నమోదు చేయించాలని 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం కింది నియమాలు చెబుతున్నాయి. 2023 సవరణ తర్వాత పుట్టిన పిల్లలకు బడిలో చేరడం మొదలు డ్రైవింగ్ లైసెన్సు దాకా జనన ధ్రువపత్రమే ఆధారం. ఈ రెండు వాక్యాలు బాలింత ఇంట్లో ఎవరికైనా ఫోనులో కనపడేలా ఉంటే, ఆ కుటుంబానికి తర్వాత పడే తిప్పలు ఎన్నో తప్పుతాయి.

ఏ పనులు పైన ఉండాలో ఊహించనక్కర్లేదు. ఆఫీసు కౌంటరు దగ్గరి రిజిస్టర్లు, వచ్చే ఫోన్లు, ఫిర్యాదుల చిట్టా, సైటులోని వెతుకు పెట్టెలో జనం టైపు చేసిన మాటలు, మీసేవ కేంద్రం నడిపేవాళ్ల అనుభవం ఉన్నాయి. ఈ అయిదింటినీ నెల రోజులు పరిశీలిస్తే హోం పేజీలో మొదటి పది అంశాలు వాటంతటవే తేలతాయి. మీసేవ ఆపరేటర్లను మరవకూడదు. ఫోనులో పని చేసుకోలేని వందలమంది తరఫున సైటు తెరిచేది వాళ్లే.

అక్షరాల లోతుల్లో

తెలుగు సైటు అంటే ఇంగ్లిష్ పేజీకి తెలుగు అనువాదం తగిలించడం అనుకుంటే మొదటి అడుగే తప్పుతుంది. కంప్యూటర్ లోపల తెలుగు ఎలా నిలవుంటుందో తెలిస్తే, అవసరాల పత్రంలో రాయాల్సిన వాక్యాలు అరడజను దొరుకుతాయి.

తెలుగు లిపికి 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి వెర్షన్ నుంచే చోటుంది. ప్రతి అక్షరానికీ, గుణింతపు గుర్తుకూ ఒక ప్రత్యేక సంఖ్య. కానీ ముద్రణశాలల్లో, ఆఫీసుల్లో చాలాకాలం నడిచినవి అను వంటి పాత ఫాంట్లు. వాటిలో తెరమీద తెలుగు కనిపిస్తుంది, లోపల నిలవుండేది మాత్రం ఇంగ్లిష్ అక్షరాల, చిహ్నాల సంఖ్యలే. ఆ ఫాంటు లేని ఫోనులో అదే పాఠం అర్థంలేని గుర్తుల వరసగా మారుతుంది. గూగుల్‌కు అది తెలుగని తెలియదు. చూపులేనివారికి చదివి వినిపించే స్క్రీన్ రీడర్ ఆ గుర్తులనే పలుకుతుంది. ఆర్డరును ముద్రించి, సంతకం పెట్టి, ముద్ర వేసి, స్కాన్ చేసి పెట్టే పీడీఎఫ్‌లదీ ఇదే కథ. యంత్రం దృష్టిలో అది ఫొటోయే, అందులో ఒక్క మాట కూడా వెతకడానికి దొరకదు. కాబట్టి మొదటి వాక్యం: సైటులోని ప్రతి తెలుగు పాఠమూ యూనికోడ్‌లో ఉండాలి, స్కాన్ ప్రతి పెడితే పక్కనే దాని పాఠమూ ఉండాలి.

వెతుకుడు ఇంకో చిక్కు. 'వికారాబాద్‌లో' అన్న మాటనే చూడండి. పొల్లు ద్ తర్వాత లో విడిగా కనిపించాలంటే మధ్యలో జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కనిపించని గుర్తు ఉండాలి. అది లేకపోతే రెండూ కలిసి వత్తుగా మారి 'వికారాబాద్లో' అవుతుంది. చదివేవారికి రెండూ ఒకటే, యంత్రానికి వేర్వేరు. ఐత్వాన్నీ యూనికోడ్‌లో రెండు విధాలుగా నిలవచేయవచ్చు: ఒకే గుర్తుగా, లేదా ఎత్వంతో పాటు కింది కొమ్ముగా. తెరమీద తేడా ఉండదు, పోల్చి చూసినప్పుడు మాత్రం సరిపోలవు. సైటు లోపల పాఠాన్నంతా ఒకే రూపానికి తెచ్చి, కనిపించని గుర్తులను పక్కనబెట్టి వెతకాలి. దీన్ని నార్మలైజేషన్ అంటారు.

ఆపైన మనుషుల రాత ఉంది. ఒకే పనికి ఇంటిపన్ను, ఇంటి పన్ను, ఆస్తి పన్ను, ప్రాపర్టీ టాక్స్ అని నాలుగు రకాలుగా రాస్తారు, ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు టైపు చేసేవాళ్లూ ఎంతోమంది. విభక్తులు పదానికి అతుక్కుపోయే భాష మనది. పన్నుకు, పన్నులో, పన్నులన్నీ అని ఒకే మాట పది వేషాలు వేస్తుంది. ఇవన్నీ ఒకే పేజీకి చేరాలన్నది పరీక్షించదగిన అవసరం. జనం టైపు చేసే 50 మాటల జాబితా తయారుచేసి, ప్రతిదానికీ సరైన పేజీ మొదటి మూడు ఫలితాల్లో రావాలని రాస్తే సరి.

ఫారాల్లో పేర్ల దగ్గర మరో ముల్లు. మనకు ఒకే అక్షరంగా కనిపించే 'శ్రీ' యంత్రం లెక్కలో నాలుగు: శ, పొల్లు, ర, ఈత్వం. '20 అక్షరాలు మించరాదు' అని ఇంగ్లిష్ లెక్కతో పెట్టిన గడిలో తెలుగు పేరు సగంలో తెగిపోతుంది. తెగిన చోట ఒంటరి పొల్లు మిగిలి, పేరే మారిపోతుంది.

ఉర్దూ సంగతి వేరు. 2017లో తెలంగాణ రాష్ట్రమంతటికీ ఉర్దూ రెండో అధికార భాష అయింది. ఆ లిపి కుడి నుంచి ఎడమకు నడుస్తుంది కాబట్టి మెనూలు, బాణాలు, గడులు అన్నీ అద్దంలో చూసినట్టు తిరగాలి. అంతకన్నా సూక్ష్మమైన చిక్కు ఇంటి నంబర్లది. మన పట్టణాల్లో ఇంటి నంబరు 5-2-34 అన్న తరహాలో ఉంటుంది. రెండు దిశల లిపులు కలిసినప్పుడు ఏది ఎటు నడవాలో చెప్పే యూనికోడ్ నియమం ప్రకారం, ఉర్దూ అక్షరాల తర్వాత అడ్డగీతలతో వచ్చిన అంకెల గుంపుల వరస తిరగబడుతుంది. తెరమీద 34-2-5 కనిపిస్తుంది. అది మరొకరి ఇల్లు కావచ్చు! నంబరును చుట్టూ ఉన్న వాక్యం నుంచి విడదీసి గుర్తుపెట్టే చిన్న ట్యాగు వాడితే సమస్య పోతుంది. కాని ఆ ట్యాగు గుర్తుండాలంటే అవసరాల పత్రంలో ఒక వాక్యముండాలి: ఉర్దూ పేజీలో ఇంటి నంబరు, అసెస్‌మెంట్ నంబరు, ఫోను నంబరు మారకుండా కనిపించాలి.

ఎండలో ఫోను, బలహీనమైన సిగ్నల్

తెలుగులో ఒక్కో గుర్తుకు ఇంటర్నెట్‌లో మూడు బైట్లు పడతాయి. 'తాండూరు' అన్న మాట ఏడు గుర్తులు, 21 బైట్లు. మూడు వేల గుర్తుల నిండు పేజీ కూడా దాదాపు 9 కిలోబైట్లే. ఫోనుతో తీసిన ఫొటోను కుదించకుండా పెడితే అది 3 మెగాబైట్లు కావచ్చు, అంటే అలాంటి మూడొందల పేజీలకు పైగా బరువు. సెకనుకు ఒక మెగాబిట్ మాత్రమే అందే చోట ఆ ఒక్క ఫొటో దిగడానికి 24 సెకన్లు పడుతుంది. ప్రారంభోత్సవాల ఫొటోలు అయిదు హోం పేజీలో తిరుగుతుంటే రెండు నిమిషాలు అక్కడే పోతాయి, పన్ను సంగతి తర్వాత. హోం పేజీ మొత్తం బరువుకు ఒక హద్దు, ఉదాహరణకు 500 కిలోబైట్లు, పత్రంలోనే రాయాలి. అన్నీ కలిపి ఆ హద్దులోనే ఇమడాలి.

అక్షరాలకూ నేపథ్యానికీ మధ్య వెలుగు తేడాను కాంట్రాస్ట్ నిష్పత్తిగా కొలుస్తారు. తెల్లమీద నలుపుకు అది 21:1. వెబ్ ప్రమాణాలు రూపొందించే డబ్ల్యూ3సీ సంస్థ మామూలు అక్షరాలకు కనీసం 4.5:1 ఉండాలంటుంది. డిజైనర్లకు ఇష్టమైన లేత బూడిదరంగు తెల్లమీద మూడుకు కూడా చేరదు. ఏసీ గదిలో పెద్ద తెరమీద అది నాజూకుగా కనిపిస్తుంది. మే నెల ఎండలో రాతి గని దగ్గర నిలబడి ఫోను చూసేవారికి ఏమీ కనిపించదు. తెలుగుకు ఇంకో జాగ్రత్త కావాలి. గుడులు పైకి, వత్తులు కిందికి చాచుకుంటాయి కాబట్టి ఇంగ్లిష్‌కు సరిపోయిన వరసల ఎడం తెలుగుకు చాలదు, పై వరస వత్తు కింది వరస గుడిని తాకుతుంది.

చట్టం ఏమంటోంది?

వెబ్ అందరికీ అందాలన్నది దయతో చేసే పని కాదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 42వ సెక్షన్ డిజిటల్ సమాచారం వారికి అందేలా చేయడం ప్రభుత్వ బాధ్యత అంటుంది. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు, యాసిడ్ దాడి బాధితులు, చూపులేనివారు ఆన్‌లైన్ గుర్తింపు ప్రక్రియల్లో పడే ఇబ్బందులపై తీర్పిస్తూ, డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కులో భాగమని చెప్పింది. ప్రభుత్వ సైట్ల మార్గదర్శకాలు మన దేశంలో 2009లో మొదలై 2023లో మూడో వెర్షన్‌కు చేరాయి. వెబ్ అందరికీ అందడానికి డబ్ల్యూ3సీ పెట్టిన ప్రపంచ ప్రమాణం డబ్ల్యూసీఏజీ కూడా అదే ఏడాది అక్టోబరులో 2.2 వెర్షన్‌కు చేరింది.

వీటి సారాన్ని పట్టణ సైటుకు అన్వయిస్తే పనులు సూటిగా ఉంటాయి. ప్రతి ఫొటోకూ మాటల్లో వివరణ ఉండాలి. ప్రతి గడికీ అది దేనికో చెప్పే పేరు ఉండాలి. మౌసు లేకుండా కీబోర్డుతోనే అన్ని పనులూ అయిపోవాలి. పేజీ ఏ భాషలో ఉందో లోపల గుర్తు పెట్టాలి, లేకపోతే స్క్రీన్ రీడర్ తెలుగును ఇంగ్లిష్ గొంతుతో చదవబోతుంది. వంకర అక్షరాల కాప్చా ఒక్కటే పెట్టి దారి మూసేయకూడదు. ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ ఉచితంగా దొరుకుతుంది, తెలుగు చదువుతుంది. దాంతో కళ్లు మూసుకుని పన్ను రసీదు దాకా వెళ్లగలిగితే ఈ భాగం నెగ్గినట్టే.

సమాచార హక్కు చట్టమూ ఇక్కడికే వస్తుంది. 2005 నాటి ఆ చట్టం 4వ సెక్షన్ ప్రకారం ప్రతి కార్యాలయమూ తన అధికారాలు, బడ్జెట్, రాయితీల వివరాలు, సమాచార అధికారి పేరు వంటివి ఎవరూ అడగకుండానే బయటపెట్టాలి. స్థానిక భాషను దృష్టిలో పెట్టుకోవాలని కూడా అదే సెక్షన్ అంటుంది. కౌన్సిల్ తీర్మానాలు, పనుల టెండర్లు, వార్డుల వారీ ఖర్చులు పట్టికలుగా ఉంటే తాండూరు విలేకరి, వికారాబాద్ కాలేజీ విద్యార్థి వాటిని డౌన్‌లోడ్ చేసుకుని లెక్క వేయగలుగుతారు.

డబ్బు కట్ అయింది, రసీదు రాలేదు

ఆన్‌లైన్ చెల్లింపుల్లో జనం ఎక్కువగా భయపడేది డబ్బు పోయి రసీదు రాకపోవడానికే. బ్యాంకు దగ్గర డబ్బు బయల్దేరింది, పోర్టల్‌కు ఆ కబురు చేరేలోపు నెట్ తెగింది. మనిషి కంగారుగా మళ్లీ నొక్కుతాడు. ఒకే చెల్లింపుకు ఒకే గుర్తింపు సంఖ్య ఇచ్చి, అదే సంఖ్యతో రెండోసారి వచ్చిన కోరికను కొత్తదిగా లెక్కించకుండా ఉండటం దీనికి మందు. యూపీఐతో వ్యాపారులకు, సంస్థలకు చేసిన చెల్లింపు నిర్ధారణ కాకపోతే అయిదు రోజుల్లో తిరిగి జమ చేయాలనీ, ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల పరిహారం ఇవ్వాలనీ 2019 సెప్టెంబరులో రిజర్వ్ బ్యాంకు నియమం పెట్టింది. ఈ మాట చెల్లింపు పేజీలోనే తెలుగులో ఉండాలి. 'ఎర్రర్' అన్న ఒక్క మాటకు బదులు 'మీ డబ్బు మాకు ఇంకా చేరలేదు, మళ్లీ కట్టకండి, ఈ సంఖ్య రాసిపెట్టుకోండి' అన్న వాక్యముంటే మనిషికి ధైర్యం వస్తుంది.

మోసపు సైట్ల బెడదా ఉంది. చిరునామా పక్కన తాళం గుర్తు చూసి నమ్మమని ఒకప్పుడు చెప్పేవారు. ఇప్పుడు ఆ తాళం ఎవరికైనా ఉచితంగా దొరుకుతుంది. గవ్ డాట్ ఇన్ అన్న ముగింపు మాత్రం ప్రభుత్వ సంస్థలకే ఇస్తారు. కాబట్టి ఇంటిపన్ను నోటీసు కాగితం మీదా, చెత్త బండి మీదా ఆ చిరునామాను స్పష్టంగా అచ్చు వేయాలి. ఇక 2023 నాటి వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం స్ఫూర్తిని పాటించాలంటే, పని జరగడానికి అవసరమైన వివరాలకు మించి అడగకూడదు. ఇంటి నంబరు కొట్టిన ప్రతివారికీ యజమాని ఫోను నంబరు పూర్తిగా చూపకూడదు.

పాత దారులు తెగకూడదు

వెబ్‌ను సృష్టించిన టిమ్ బెర్నర్స్-లీ 1998లోనే ఒక చిన్న వ్యాసంలో పేజీల చిరునామాలు మార్చవద్దని వాదించాడు. సైటు మారినప్పుడల్లా పాత లింకులన్నీ చచ్చిపోతే పత్రికల్లో, వాట్సాప్ గ్రూపుల్లో, కోర్టు కాగితాల్లో ఉన్న చిరునామాలు ఎక్కడికీ చేరవు. ప్రతి పాత చిరునామా కొత్త పేజీకి దానంతటదే మళ్లాలి. వికారాబాద్‌కు ఇంకో జాగ్రత్త అవసరం. 2016కు ముందరి కాగితాల్లో రంగారెడ్డి జిల్లా అని ఉంటుంది. పాత పేరుతో వెతికినా ఆ దస్త్రాలు దొరకాలి.

తాజాదనం సంగతి కూడా పత్రంలోనే తేలాలి. ప్రతి పేజీ అడుగున చివరిగా సరిచూసిన తేదీ, దాని బాధ్యత ఏ ఉద్యోగ హోదాదో ఉండాలి. వానాకాలంలో కాగ్నా నది పొంగి దారి మూసుకుపోయినా, పైపు పగిలి నల్లా రాకపోయినా ఆ కబురు పై వరసలో, తేదీతోనూ గంటతోనూ కనిపించాలి. పని ముగిశాక దానంతటదే తొలగిపోవాలి. నిరుటి వరద హెచ్చరిక ఇంకా వేలాడుతుంటే, కొత్త హెచ్చరికను ఎవరూ నమ్మరు.

జనంతో పరీక్ష

2013 అక్టోబరు 1న అమెరికా ప్రభుత్వం ఆరోగ్య బీమా సైటు తెరిచింది. లక్షలమంది వచ్చారు, మొదటి రోజు నమోదు పూర్తి చేసుకోగలిగింది ఆరుగురు. భాగాలను విడివిడిగా చూసుకున్నారు కానీ, మొదటి అడుగు నుంచి రసీదు దాకా మొత్తాన్ని తగినంత పరీక్షించలేదు, తాకిడినీ లెక్కగట్టలేదు. అంత డబ్బు, అంత నైపుణ్యం ఉన్నచోట జరిగిన ఈ వైఫల్యంలో ఏప్రిల్ 30 సాయంత్రపు రద్దీని ఎదుర్కోవాల్సిన మన పురపాలికలకు పాఠముంది. బోస్టన్ నగరం 2016లో ఇంకో దారి పట్టింది. పాత సైటు నడుస్తుండగానే పక్కన నమూనా సైటును జనానికి తెరిచి, వాళ్ల మాటలు విని సరిదిద్దుకుని, జూలైలో మార్పు చేసింది.

పరీక్షకు వేలమంది అక్కర్లేదు. జేకబ్ నీల్సన్, థామస్ లాండవర్ 1993లో లెక్కగట్టిన ప్రకారం సైటులోని లోపాల్లో ఒక్కో మనిషికి సగటున 31 శాతం బయటపడతాయి. ఇద్దరు చూస్తే కొన్ని పునరావృతమవుతాయి, కొన్ని కొత్తవి తేలతాయి. అలా లెక్క వేస్తే అయిదుగురితో దాదాపు 85 శాతం దొరుకుతాయి. అయితే అయిదుగురూ ఒకే రకం వాళ్లయితే ఈ లెక్క పనికిరాదు. వృద్ధులు, ఉర్దూ చదివేవారు, స్క్రీన్ రీడర్ వాడేవారు, మీసేవ ఆపరేటర్లు ఎదుర్కొనే ఇబ్బందులు వేర్వేరు. ఒక్కో గుంపు నుంచి ముగ్గురు నలుగురు కావాలి.

ఆ మనుషులను ఎక్కడో వెతకనక్కర్లేదు. 2019 నాటి తెలంగాణ పురపాలక చట్టం ప్రతి వార్డుకూ నాలుగు కమిటీలు వేయమంది: యువత, మహిళలు, వయోవృద్ధులు, ప్రముఖ పౌరులు. ఒక్కో కమిటీలో 15 మంది. మొక్కలకూ పారిశుద్ధ్యానికీ వీరి సలహా తీసుకున్నట్టే, సైటు పరీక్షకూ పిలవవచ్చు. వారికి తోడు స్క్రీన్ రీడర్ వాడే ఇద్దరు ముగ్గురినీ, రెండు మీసేవ కేంద్రాల వారినీ కూర్చోబెట్టి పనులు ఇవ్వాలి: ఇంటిపన్ను బకాయి చూడండి, మోరీ ఫిర్యాదు చేసి దాని సంఖ్య తెచ్చుకోండి, బిడ్డ పుట్టిన సర్టిఫికెట్‌కు ఏ కాగితాలు కావాలో చెప్పండి, మీ వార్డులో నిరుడు వేసిన రోడ్డు ఖర్చెంతో కనుక్కోండి, దుకాణం లైసెన్సు రెన్యువల్ గడువు చూడండి. సైటు తయారుచేసినవాళ్లు పక్కన నిలబడి చూడాలి, నోరు విప్పకూడదు.

ఈ పరీక్ష రెండుసార్లు జరగాలి. కాగితం మీది నమూనా దశలో ఒకసారి, ఎందుకంటే అప్పుడు మార్పుకయ్యే ఖర్చు ఒక పెన్సిల్ గీత. సైటు అప్పగించే ముందు ఇంకోసారి, ఎందుకంటే కంపెనీకి ఇవ్వాల్సిన చివరి వాయిదా డబ్బు దీని మీదే ఆధారపడాలి. అయిదు పనుల్లో నాలుగింటిని, పిలిచినవారిలో పదిమందికి ఎనిమిదిమంది ఎవరి సాయమూ లేకుండా ముగిస్తేనే బిల్లు మంజూరు అని ఒప్పందంలో రాసి ఉంటే, డిజైనర్ దృష్టి రంగుల మీద నుంచి పన్ను బకాయి గడి మీదికి తనంతట తానే మళ్లుతుంది. అదే ఒప్పందంలో మరో రెండు షరతులు చేరాలి. ఆరు నెలలకొకసారి అదే పరీక్ష మళ్లీ జరపాలి, దాని ఫలితాలను సైటులోనే తెలుగులో, ఉర్దూలో పెట్టాలి.